చేతికి గుర్తున్న పని

డిమెన్షియా అనే వైద్య పదానికి తెలుగులో అందరూ ఒప్పుకున్న మాట నేటికీ స్థిరపడలేదు. పత్రికలు మతిమరుపు వ్యాధి అని రాస్తాయి, నిఘంటువులు చిత్తవైకల్యం అంటాయి, ఖమ్మం జిల్లా ఎర్రుపాలెం మొదలుకొని భద్రాచలం అడవి అంచు దాకా పరచుకున్న పల్లెల్లో జనం ‘సోయి తప్పింది’ అనో ‘ముసలితనపు చాదస్తం’ అనో అనుకొని ఊరుకుంటారు. మొదటి మాట జబ్బును ఒట్టి మరపుగా తగ్గించి చూపుతుంది, రెండోది మనిషిని పిచ్చివాళ్ళ పక్కన కూర్చోబెడుతుంది, చాదస్తమనే మాట అసలు జబ్బే లేదంటుంది. మెదడులోని కణాలు క్రమక్రమంగా దెబ్బతినడం వల్ల జ్ఞాపకం, మాట, దిక్కు తెలియడం, లెక్క చూసుకోవడం, ఒకదాని తర్వాత ఒకటిగా పని చేసుకుపోవడం వంటి శక్తులు రోజువారీ బతుకుకు అడ్డం వచ్చేంతగా సన్నగిల్లే స్థితిని డిమెన్షియా అంటారు. ఇది ఏదో ఒక రోగానికి పెట్టిన పేరు కాదు, అనేక రోగాలు తెచ్చిపెట్టే స్థితి. వాటిలో ఎక్కువమందిలో కనిపించేది 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ తొలిసారి వివరించిన అల్జీమర్స్ వ్యాధి. మెదడుకు రక్తం అందించే నాళాలు పూడుకుపోవడం వల్ల వచ్చే రకం కూడా తక్కువేమీ కాదు.

2023లో వెలువడిన లాసీ-డాడ్ అనే దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం భారతదేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది, ఈ స్థితిలో ఉన్నారు. పురుషుల కంటే స్త్రీలలో, పట్టణాల కంటే పల్లెల్లో, చదువుకున్నవారి కంటే చదువు అందనివారిలో ఇది ఎక్కువగా కనిపించింది. ఖమ్మం జిల్లా దక్షిణపు కొసన, కాజీపేట–విజయవాడ రైలు మార్గం మీద ఆంధ్రప్రదేశ్ సరిహద్దును ఆనుకొని ఉన్న ఎర్రుపాలెం ప్రాంతంలో నేడు 80 ఏళ్ళు పైబడిన ఆడవారిని తలచుకుంటే ఆ అంకెలు ఎవరి గురించి మాట్లాడుతున్నాయో అర్థమవుతుంది. బిడ్డలు హైదరాబాదుకో, విజయవాడకో, సముద్రం అవతలికో వెళ్ళిపోయిన ఇళ్ళలో ఒంటరిగా మిగిలి, పొయ్యి మీద పాలు మరిచి, వచ్చిన దారి మరిచి, చివరకు వృద్ధాశ్రమం చేరుతున్న పెద్దలు వీరే.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. జిల్లాకు కనీసం ఒక్కటైనా, 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు చాలేటట్లు ఆశ్రమం ఉండాలని ఆ చట్టంలోని 19వ సెక్షన్ చెబుతుంది. అక్కడ ఉండేవారికి అవసరమైన సేవల ప్రస్తావన వచ్చినప్పుడు చట్టం రెండింటిని పేర్కొన్నది: ఒకటి వైద్యం, రెండవది వినోద సాధనాలు. ఈ రెండవ మాట దగ్గర ఆగి ఆలోచించవలసి ఉంది, ఎందుకంటే హాలులో గోడకు ఒక టీవీ బిగించి, దాని ముందు కుర్చీలు వరుసగా వేస్తే చట్టం కోరిన వినోదం సమకూరినట్లే లెక్క, కాని ఆ కుర్చీల్లో కూర్చున్నవారికి కథ అందదు, మనుషులు ఎందుకు అరుస్తున్నారో తెలియదు, చూసినది మరుక్షణం నిలవదు. వారికి కావలసినది కాలక్షేపం కాదు, పని. వారి చేతుల మీదుగా జరిగి, ఎవరికో ఒకరికి ఉపయోగపడి, అది తమ వల్ల అయిందని వారికి తెలిసే పని.

ఈ లోటు ఒక్క తెలుగునాటిదే కాదు. బ్రిటన్‌లో అక్కడి అల్జీమర్స్ సొసైటీ వెల్లడించిన పరిశీలనలో, స్నానం, భోజనం వంటి అవసరాలను మినహాయిస్తే, ఆరు గంటల వ్యవధిలో ఒక సగటు వృద్ధునితో మరొక మనిషి మాట్లాడిన సమయం రెండు నిమిషాలని తేలింది. తర్వాత అదే దేశంలో 69 ఆశ్రమాల్లో 847 మందితో జరిగి 2018లో ప్రచురితమైన పరిశోధనలో, సిబ్బందికి మనిషిని మనిషిగా చూసే శిక్షణ ఇచ్చి, ఒక్కొక్కరికి వారానికి కనీసం ఒక గంట వారికి ఇష్టమైన పనిలో తోడు కూర్చున్నప్పుడు, ఆందోళన తగ్గి బతుకులో హాయి పెరిగినట్లు కనిపించింది. వారానికి ఒక గంట అంటే ఎంత చిన్న కోరికో, అది కూడా తీరని చోట్లు ఎన్నో ఆలోచిస్తే గుండె బరువెక్కుతుంది.

ఏ పని చేయించాలో తేల్చుకోవాలంటే జ్ఞాపకం ఎన్ని రకాలుగా ఉంటుందో కొంత తెలియాలి. నిన్న ఎవరు వచ్చారు, పొద్దున ఏమి తిన్నారు అనే సంఘటనల జ్ఞాపకం ఒకటి. అల్జీమర్స్ వ్యాధి ముందుగా కొల్లగొట్టేది దీనినే. చేసి చేసి ఒంటికి పట్టిన పనుల జ్ఞాపకం వేరొకటి. ఈత, నాట్లు వేయడం, జడ అల్లడం ఈ కోవలోవి, మెదడులో వీటి చోటు వేరు కనుక ఇవి చాలాకాలం నిలుస్తాయి. ఈ తేడాను శాస్త్రానికి చూపిన మనిషి అమెరికాకు చెందిన హెన్రీ మొలైసన్. మూర్ఛకు చికిత్సగా 1953లో జరిగిన శస్త్రచికిత్స తర్వాత అతనికి కొత్త సంఘటన ఏదీ గుర్తు నిలవలేదు. అయినా బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త అతని చేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీత వెంట గీయించినప్పుడు, ఆ పని ఎన్నడూ చేయలేదని ప్రతిసారీ అనుకుంటూనే రోజురోజుకూ తప్పులు తగ్గించుకున్నాడు. మనిషి మరిచినా చేయి నేర్చుకుంది. ఆశ్రమంలోని పెద్దలను ‘అమ్మా, నన్ను గుర్తుపట్టావా, ఇవాళ ఏ వారం’ అని పదే పదే పరీక్షించడం ఎందుకు తప్పో దీనివల్ల తెలుస్తుంది. ఆ ప్రశ్న వారిలో విరిగిన చోటునే మళ్ళీ మళ్ళీ తడుముతుంది.

అందుకు బదులు ఒక చేట, నాలుగు గుప్పిళ్ళ కందిపప్పు ఇచ్చి చూడవచ్చు. కూతురి పేరు తడబడే వృద్ధురాలు చేట అంచులను రెండు చేతులా పట్టుకోగానే మోచేతులు ఒంటికి దగ్గరవుతాయి, మణికట్లు చిన్నగా పైకి లేస్తాయి, పొట్టు ముందు అంచు దాటి ఎగిరిపోతుంది, పప్పు వెనక్కి తిరిగివచ్చి చేట మూలకు చేరుతుంది, రాయి కనిపించిన చోట చూపుడువేలు తనంతట తానే వెళ్ళి దానిని పక్కకు నెడుతుంది. ఆ లయ ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. కొలత పాత్రలు ఇచ్చినా ఇంతే. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అనే లెక్క నోటితో అడిగితే రాకపోవచ్చు, కాని సోల బియ్యంలో ముంచి, పైన అరచేత్తో సాపు చేసి, మొదటి కొలతకు ఒకటి అనకుండా ‘లాభం’ అని, ఆ తర్వాత రెండు, మూడు అంటూ ముందుకు పోవడం తెలుగు ఇళ్ళలో ధాన్యం కొలిచిన చేతులకు సహజంగా వస్తుంది. ఆ బియ్యం ఆ పూట వంటకు నిజంగా పోవాలి. కొలిచినదాన్ని ఆమె కళ్ళ ముందే మళ్ళీ బస్తాలో పోసి రేపు మళ్ళీ కొలవమంటే అది పని కాదు, ఆట కూడా కాదు, అవమానం.

ఈ ప్రాంతానికి మరింత దగ్గరైన పని ఒకటుంది. భద్రాచలంలో శ్రీరామనవమి నాడు జరిగే సీతారాముల కల్యాణానికి గోటి తలంబ్రాలు పంపే ఆచారం ఇటీవలి కాలంలో తెలుగు జిల్లాల్లో వ్యాపించింది. వడ్లను రోట్లో దంచకుండా, మరలో పట్టించకుండా, ఒక్కొక్క గింజను బొటనవేలి గోరుకు, చూపుడువేలి గోరుకు నడుమ పట్టి, కొన దగ్గర ఊక విప్పి, లోపలి బియ్యపు గింజ విరగకుండా తీయడాన్ని గోటితో ఒలవడం అంటారు. అక్షతలు అనే మాటకు విరగనివని అర్థం కనుక విరిగినవి పక్కకు పోతాయి; వాటికి పిచ్చుకలూ కోళ్ళూ ఉన్నాయి, వృథా అయ్యేది లేదు. డిమెన్షియా ఉన్నవారి కోసం ఒక పనిని కొత్తగా రూపొందించమంటే నిపుణులు ఏ లక్షణాలు కోరతారో అవన్నీ ఇందులో ఉన్నాయి. ఒక్కో గింజ దానంతట అదే పూర్తయ్యే పని కాబట్టి ఎక్కడ ఆపినా చెడిపోయేది ఉండదు, నిన్న ఏమి చేశారో గుర్తుండనక్కరలేదు, తొందర లేదు, పక్కన నలుగురు కూర్చుంటే నామస్మరణ దానంతట అదే మొదలవుతుంది, అన్నింటికీ మించి అది చేరవలసిన చోటు ఒకటుంది. గిన్నెలో పది గింజలే పోగైనా అవి రాముడి పెళ్ళికే పోతాయి. జమలాపురం వెంకటేశ్వరస్వామి కొండకూ భద్రాచలానికీ మొక్కులు మొక్కి బతికిన తరానికి ఇంతకు మించిన గౌరవం ఆశ్రమం ఇవ్వలేదు. మసీదుకు, చర్చికి వెళ్ళిన పెద్దలకు వారి వారి పండుగల పనులను ఇదే శ్రద్ధతో వెతకవలసి ఉంటుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం తప్పక వస్తుంది. పెద్దవాళ్ళను కూర్చోబెట్టి సేవ చేయాలి గాని వారి చేత పని చేయించడం పాపమనే భావన తెలుగు కుటుంబాల్లో బలంగా ఉంది. నెలనెలా డబ్బు కడుతుంటే తమ తల్లి చేత చింతపండు గింజలు తీయిస్తారా అని చూడవచ్చిన కొడుకు కోపగించడం, ఆ కోపానికి భయపడి ఆయాలు ఆమె చేతిలోది లాక్కోవడం అసంభవమేమీ కాదు. ఆ కోపం వెనుక ప్రేమ ఉంది, దానిని చులకన చేయకూడదు. అయితే వెట్టికీ పనికీ తేడా స్పష్టమే. ఇంత చేయాలనే లెక్క ఉంటే, వద్దన్నా వదలకపోతే, ఆశ్రమం జీతం మిగుల్చుకోవడానికి చేయిస్తే అది వెట్టి. ఇష్టం ఉన్నంతసేపు చేసి, లేచిపోవాలంటే లేచిపోయి, చేసినందుకు ‘నీ చేతి పప్పు ఇవాళ అందరం తిన్నాం అత్తమ్మా’ అనే మాట వినగలిగితే అది పని. జీవితమంతా పది మందికి వండి పెట్టిన మనిషిని ఒక్కసారిగా ఏమీ చేయనక్కరలేని కుర్చీలో కూర్చోబెట్టడం సేవగా కనిపిస్తుంది గాని, ఆమెకు అది ఇంటిలో తన చోటు పోవడమే. బ్రిటన్‌లోని బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన టామ్ కిట్‌వుడ్ 1997లో ప్రచురించిన గ్రంథంలో దీనినే సిద్ధాంతంగా నిలబెట్టారు: మెదడు చెడినందువల్ల కలిగే నష్టానికి తోడు, చుట్టూ ఉన్నవారు మనిషిని పక్కన పెట్టి, తమ ఇష్టప్రకారం తిప్పి, ఆమె ఎదుటనే ఆమె లేనట్లు మాట్లాడటం వల్ల కలిగే నష్టం వేరే ఉంటుందని, ఈ రెండవది మనుషుల చేతిలోనిదని ఆయన వాదించారు.

చేయి తర్వాత చెప్పుకోవలసినది చెవి. 2015లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఉన్న మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రజ్ఞులు, చిరకాలంగా విన్న పాటలను గుర్తించే మెదడు భాగాలు అల్జీమర్స్ వ్యాధిలో తక్కిన భాగాలంతగా దెబ్బతినవని చూపారు. ఖమ్మం సీమకు ఆ పాటల కొదవ లేదు. నేలకొండపల్లిలో పుట్టి పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న, అనగా రామదాసు, 17వ శతాబ్దంలో కట్టిన కీర్తనలు అక్షరం రానివారి నోట కూడా నిలిచి ఉన్నాయి. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం ఉదయాన్నే వినిపించిన భక్తిరంజనితో పొద్దు మొదలుపెట్టిన ఇళ్ళు, ఉషశ్రీ గొంతులో భద్రాచల కల్యాణ వ్యాఖ్యానం వినడానికి రేడియో ఉన్న ఇంటి అరుగు మీద చేరిన ఊళ్ళు ఈ ప్రాంతానివే. వేళకు రేడియో పెట్టి, దానితో గొంతు కలిపే మనిషిని పక్కన ఉంచితే చాలు. రోజంతా మోగుతూ ఉండే రేడియో మాత్రం టీవీ లాగానే రొదగా మారుతుంది. నాట్ల పాటలు, తిరగలి పాటలు, ఉయ్యాల పాటలు ఎత్తుకుంటే రెండవ చరణం వృద్ధురాలే అందుకుంటుంది, అప్పుడు నేర్చుకునేది ఆయా, నేర్పేది వృద్ధురాలు.

భాష విషయం దీనికంటే లోతైనది, దీనిపై ప్రపంచం దృష్టిని ఆకర్షించిన పరిశోధన తెలుగుగడ్డ మీదనే జరిగింది. హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ, అంటే నిమ్స్‌లో, డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, రెండు లేదా అంతకు మించిన భాషలు మాట్లాడేవారిలో ఈ స్థితి ఒకే భాష మాట్లాడేవారి కంటే సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైంది; బడి ముఖం చూడనివారిలో సైతం ఈ ప్రయోజనం కనిపించింది. తెలుగు, ఉర్దూ, దక్కనీ, హిందీ కలగలిసిన హైదరాబాదు వీధుల ఫలం అది. నిజాం రాజ్యపు సరిహద్దు గ్రామాలైన ఎర్రుపాలెం చుట్టుపక్కల కూడా పాత తరం పట్వారీ కాగితాలకు ఉర్దూ, ఇంటికి తెలుగు వాడింది. భద్రాచలం వైపు కోయ ఇళ్ళలో లోపల కోయ, సంతలో తెలుగు నడిచాయి. అయితే జబ్బు ముదిరినప్పుడు తరచూ తర్వాత నేర్చిన భాష ముందు జారిపోతుంది. తెలుగు జారిపోయిన కోయ పెద్దావిడ తన తల్లి భాషలో నీళ్ళు అడిగితే, ఆ భాష రాని సిబ్బంది దానిని అర్థం లేని గొణుగుడుగా రాసుకునే ప్రమాదం ఉంది. అటువంటి ఆశ్రమంలో కోయ తెలిసిన ఒక్క మనిషి రోజుకు అరగంట వచ్చి కూర్చోవడం ఏ మాత్రకూ తీసిపోని చికిత్స. ఇప్పపువ్వు ఎండబెట్టడం, ఏభై ఆకులు లెక్కపెట్టి తునికాకు కట్ట కట్టడం, అడ్డాకుల విస్తళ్ళు పుల్లలతో కుట్టడం వంటి పనుల పేర్లు ఆ భాషలో వినబడినప్పుడు చేతులు ముందుకు వస్తాయి.

ఈ విషయంలో శాస్త్రీయంగా రూపొందిన పద్ధతులు కూడా కొన్ని ఉన్నాయి. కొద్దిమందిని గుంపుగా కూర్చోబెట్టి, ఆహారం, పాత రోజులు, డబ్బు, శబ్దాలు వంటి ఒక్కొక్క అంశం చుట్టూ మాటను, చేతిని కదిలించే పద్ధతిని జ్ఞాన ప్రేరణ చికిత్స అనవచ్చు. 201 మందితో జరిగి 2003లో ప్రచురితమైన బ్రిటిష్ పరిశోధనలో ఏడు వారాల్లో 14 సార్లు ఇలా కూర్చున్నవారి ఆలోచనాశక్తి, జీవన తృప్తి మెరుగుపడ్డాయి. చెన్నైలోని స్కార్ఫ్ సంస్థ దీనిని తమిళ జీవితానికి తగినట్లు మార్చుకుంది. తెలుగులో ఆ పని చేసేవారికి సరంజామా చేతికందేంత దూరంలోనే ఉంది: కాణీలు, అణాలు, నిజాం హాలీ సిక్కా, వామనగుంటల పీట, అష్టాచెమ్మా గవ్వలు, పాత సినిమా పాటల పుస్తకాలు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి భారతదేశంలో ఏళ్ళ తరబడి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన మరియా మాంటిస్సోరి, పిల్లల కోసం చేతితో తాకి నేర్చుకునే వస్తువులను తయారు చేయగా, అమెరికా మనస్తత్వవేత్త కామెరాన్ క్యాంప్ అదే సూత్రాన్ని డిమెన్షియా ఉన్న పెద్దలకు వర్తింపజేశారు. పద్ధతి పిల్లలదైనా పెద్దవారిని పిల్లలుగా చూడకూడదనే జాగ్రత్త అందులో మొదటిది. రంగు పెన్సిళ్ళు, ప్లాస్టిక్ బొమ్మలు ఇచ్చి ‘బుజ్జీ’ అని పిలవడం వయసును అవమానించడమే.

మగవారి విషయం ఆశ్రమాల్లో ఎక్కువగా మరుగున పడుతుంది. వంటింటి పనులు వారికి నప్పవు, ఊరకే పచార్లు చేస్తారు, గేటు దగ్గర నిలబడతారు, అడ్డుకుంటే తిరగబడతారు. ఇల్లెందులో 1889లో బొగ్గు తవ్వకం మొదలైన నాటి నుంచి ఈ సీమ మగవారిలో ఒక వర్గం నేల లోపల బతికింది. తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు ఎత్తిన మనిషికి షిఫ్టు వేళ ఒంట్లోనే మోగుతుంది, తెల్లవారకముందే లేచి తయారవడం అతని దృష్టిలో పిచ్చి కాదు, బాధ్యత. అటువంటివారికి పొద్దున్నే ఆవరణ ఊడ్చి మొక్కలకు నీళ్ళు పోసే పనిని, వచ్చినట్లు నమోదు చేసే ఒక హాజరు పుస్తకంతో సహా అప్పగించవచ్చు. రైతుకు పలుపు తాడు పేనడానికి నార, మేకకు వేయడానికి పచ్చి కొమ్మ, నలుగురు కూర్చొని ధరలు మాట్లాడుకునే అరుగు కావాలి. ఆశ్రమం కట్టేటప్పుడు పాలరాయి కంటే ముందు ఒక అరుగు, ఒక వేపచెట్టు ఆలోచించడం మంచిది.

సాయంత్రం మరింత కష్టమైన వేళ. పొద్దు వాలుతున్నకొద్దీ డిమెన్షియా ఉన్నవారిలో అలజడి పెరగడం వైద్యులు తరచూ గమనించే విషయం; ‘ఇంటికి పోతా’ అనే మాట ఆ వేళకే ఎక్కువగా వినబడుతుంది. శరీరంలోని గడియారం గతి తప్పడం, వెలుతురు తగ్గడం, అలసట దీనికి కారణాలుగా చెబుతారు. వాటితో పాటు పల్లెటూరి స్త్రీ జీవితంలో గోధూళి వేళ అన్నింటికంటే పని ఒత్తిడి గల వేళ అని కూడా గుర్తుంచుకోవాలి: పశువులు తిరిగొస్తాయి, పాలు పితకాలి, దీపం పెట్టాలి, ఎసరు పెట్టాలి, పొలం నుంచి వచ్చేవారు ఆకలితో వస్తారు. ఆ గంటలో ఆమెను మంచం మీద కూర్చోబెట్టి తలుపు మూస్తే కాళ్ళు ఊరుకోవు. ఆ సమయానికే లైట్లు ముందుగా వేసి, ఆమె చేత ప్రమిదకు ఒత్తులు చేయించడం, మల్లెలు మాల కట్టించడం, దీపం వెలిగించే ఆయా పక్కన నిలబెట్టడం వంటివి కుదిర్చితే, ఇంటికి పోవాలనే తపన కొంతైనా పనిలోకి మళ్ళుతుంది. నిప్పు మాత్రం సిబ్బంది చేతిలోనే ఉండాలి.

జాగ్రత్తలు మరికొన్ని ఉన్నాయి. ఖమ్మం మిర్చికి పేరుపొందిన మార్కెట్ కాబట్టి తొడిమలు తీయడం ఇక్కడి స్త్రీలకు కళ్ళు మూసుకొని చేయగల పని, అయినా ఘాటు చేతులతో కళ్ళు తుడుచుకునే ప్రమాదం ఉన్నందున దానిని ఆశ్రమంలో పెట్టకపోవడమే మేలు. చింతగింజలు, పూసలు నోట్లో పెట్టుకునే దశకు వచ్చినవారికి వాటిని ఇవ్వకూడదు. గతాన్ని కదిలించేటప్పుడు కూడా ఆచితూచి కదిలించాలి. 1947, 48లో రజాకార్ల భయానికి రాత్రికి రాత్రి సరిహద్దు దాటి కృష్ణా జిల్లాలోకి తరలిన కుటుంబాల పిల్లలే నేటి ఎనభై దాటిన వృద్ధులలో కొందరు. రాత్రివేళ తలుపు గట్టిగా తట్టడం, ఖాకీ బట్టలు, పెద్ద కేకలు వారిలో ఆనాటి భయాన్ని లేపగలవు. అందుకే ఆశ్రమంలో చేరిన వారంలోపే కుటుంబాన్ని కూర్చోబెట్టి ఒక్క పేజీ రాయించుకోవాలి. పుట్టిన ఊరు, ఇంటి భాష, చేసిన పని, పిలిపించుకునే పేరు, ఇష్టమైన పాట, భయపెట్టేవి, పోయిన బిడ్డలు ఎవరైనా ఉంటే వారి సంగతి ఆ పేజీలో ఉండాలి. అది కేసు షీట్ కంటే పైన, మంచం తల దగ్గర ఉండాలి. సలహా కావలసిన కుటుంబాలకు కేంద్ర ప్రభుత్వపు ఎల్డర్‌లైన్ 14567 నంబరుకు ఫోను చేసే వీలుంది.

వ్యాధి చివరి దశకు చేట పట్టే చేయి కూడా నిలవదు, పాట ఎత్తే గొంతు కూడా ఆగుతుంది. అప్పుడు కూడా చేయడానికి ఏమీ మిగలలేదని అనుకోవడం సరికాదు. గోరువెచ్చని నువ్వులనూనె అరచేతికి, వేళ్ళ సందులకు మెల్లగా రాయడం, మరువమో దవనమో ముక్కుకు దగ్గరగా పెట్టడం, ఉతికి ఉతికి మెత్తబడిన పాత నేత చీర కొంగును చేతిలో ఉంచడం ఆ దశలో చేయగల పనులు. మాట లేదు కాబట్టి జవాబును ఒంటిలో వెతకవలసి ఉంటుంది: ముడుచుకుపోయిన పిడికిలి ఎంత వదులైంది, నుదుటి ముడత విడిందా, శ్వాస నెమ్మదించిందా. కొన్నిసార్లు ఆ వేళ్ళు కొంగు అంచును పట్టుకొని, ఏళ్ళ తరబడి అలవాటైన తీరున, కుచ్చెళ్ళుగా మడవడం మొదలుపెడతాయి. అప్పుడు ఆయా చేయవలసినది ఆ గుడ్డను సరిచేయడం కాదు, మడత జారిన ప్రతిసారీ అంచును తిరిగి ఆ వేళ్ళ కిందికి చేర్చడం.